బైబిల్ నుంచి తండ్రులు ఏం నేర్చుకోవచ్చు?

బైబిల్లో ఆదర్శ తండ్రులు ఎవరని అడిగారు. నిజానికి తక్కువమందే. పొరపాట్లు చేసిన తండ్రుల దగ్గరే నేర్చుకునేది ఎక్కువ అని నాకనిపిస్తుంది.

ఇశ్రాయేలు రాజు దావీదునే చూడండి. మహాకాయుడు గొల్యాతును కొట్టిన వీరుడు, ఇంట్లో మాత్రం నోరు మెదపడు. పెద్దకొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచాడని విని చాలా కోపపడ్డాడు (2 సమూయేలు 13:21), అంతే, కొడుకును శిక్షించినట్టు ఎక్కడా లేదు. రెండేళ్లు ఆగి తామారు సొంత అన్న, దావీదు మరో కొడుకు అబ్షాలోము అమ్నోనును చంపించి పారిపోయాడు. మూడేళ్ల తర్వాత యెరూషలేముకు రానిచ్చినా, ఇంకో రెండేళ్లు తండ్రి అతని ముఖం చూడలేదు. ఒకే ఊళ్లో ఉండి కూడా! తర్వాత తండ్రి మీదే అబ్షాలోము తిరుగుబాటు, అతని చావు, దావీదు ఏడుపు. ఇంకో కొడుకు అదోనీయా గురించి 1 రాజులు 1:6 చెప్పేదీ ఇదే: 'ఎందుకిలా చేస్తున్నావు?' అని తండ్రి ఏనాడూ అడగలేదట.

యాకోబు పొరపాటు వేరు. యోసేపు ఒక్కడికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించి, మిగతా కొడుకుల్లో పగ రగిలించాడు.

వీళ్లకు పూర్తి భిన్నంగా కనిపించేది లూకా 15లో యేసు చెప్పిన ఉపమానంలోని తండ్రి. ఆస్తి తగలేసి వస్తున్న చిన్నకొడుకును దూరం నుంచే చూసి పరుగెత్తాడు. 'పనివాడిగా పెట్టుకో' అనే మాట వాడి నోట రాకముందే మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. అలిగి బయటే నిలబడిన పెద్దకొడుకు దగ్గరికీ తనే వెళ్లి బతిమాలాడు. వాడు లోపలికి వచ్చాడో లేదో కథ చెప్పదు.