ఫార్మాల్ ఎమ్ గట్టు ఎక్కనంటోందా? ఆ చిన్న ట్యాంకు చూడండి

అయోవాలో కొన్న 1944 ఫార్మాల్ ఎమ్ ట్రాక్టర్ పెట్రోలుతోనే నడుస్తోంది, నాగలి వేస్తే మూలుగుతోంది, పెద్ద ట్యాంకుతో పాటు చిన్న ట్యాంకు కూడా ఉంది అన్నారు. గుట్టంతా ఆ చిన్న ట్యాంకులోనే ఉందండీ. మీది డిస్టిలేట్ ఇంజన్ అయ్యుంటుంది. అప్పట్లో చవగ్గా దొరికే, కిరోసిన్ లాంటి ఇంధనం అది. చిన్న ట్యాంకులోని పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక పెద్ద ట్యాంకులోని డిస్టిలేట్‌కి మార్చేవారు.

ఆ ఇంధనం ఆవిరి కావాలని మ్యానిఫోల్డ్‌ని (సిలిండర్లకి గాలి, ఇంధనం తీసుకెళ్లే గొట్టాన్ని) బాగా వేడిగా ఉంచేవారు, కంప్రెషన్ (సిలిండర్‌లో ఆ మిశ్రమాన్ని నొక్కే మోతాదు) తక్కువ పెట్టేవారు. పెట్రోలుకి ఈ రెండూ నష్టమే. వేడెక్కిన గాలి పలచబడి సిలిండర్‌లోకి తక్కువ వెళ్తుంది.

ముందు నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒకటి మాత్రమే బాగా తక్కువుంటే వాల్వులో రింగులో పోయినట్టే, మిగతా కథంతా తర్వాత. అన్నీ సమానంగా ఉంటే పెట్రోలు మ్యానిఫోల్డ్ వేయించండి. ఇంజన్ ఎలాగూ విప్పుతుంటే 4 అంగుళాల స్లీవులు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గొట్టాలు), ఎక్కువ కంప్రెషన్ పిస్టన్లు వేయించండి. 248 క్యూబిక్ అంగుళాల ఇంజన్ 264 అవుతుంది, దీని తర్వాత 1952లో వచ్చిన సూపర్ ఎమ్ మోడల్ కొలత అదే.

ఎండీ (ఫార్మాల్ ఎమ్‌లోనే డీజిల్ రకం) ఇంజన్ తెచ్చి బిగిస్తానన్నారే, నేనైతే ఆ జోలికి పోను. దాన్నీ పెట్రోలుతోనే స్టార్ట్ చేయాలి!