గుంటూరు మిషన్ స్కూల్లో ఫీజు సాయం క్రైస్తవులకేనా?

కాదు, ఏ మతం వాళ్లైనా అడగొచ్చు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఇక్కడ మిషన్ బడులున్నాయి. అయితే ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన, మిషన్ బడుల్లాంటి మైనారిటీ స్కూళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే రాయితీ వాళ్ల దయే, అడిగి తెచ్చుకోవాలి.

మిర్చి యార్డులో పని తగ్గిన నెలల్లో మా పక్కింటి వదిన తెల్లకాగితం మీద అర్జీ రాసి, రేషన్ కార్డు జిరాక్సు జతచేసి, గుమాస్తాకి కాకుండా నేరుగా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారి చేతికే ఇచ్చింది. ఫీజు మూడు వాయిదాలైంది, పాత పుస్తకాలూ దొరికాయి. మొహమాటపడి ఆగి ఉంటే బకాయి పెరిగేదే.

ప్రార్థనల గురించి టెన్షన్ వద్దు. గుర్తింపున్న బడిలో మతబోధకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణే చెబుతోంది.