దిబ్బల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

గుంటూరు నుంచి నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. మీ కళాశాల పిల్లలను విజయవాడ నుంచి ఉండవల్లి, అమరావతి, భట్టిప్రోలు తీసుకెళ్లాలనుకుంటున్నానని, తీసుకోవలసిన జాగ్రత్తలు రాయమని అడిగావు. ముందుగా, మూడింటినీ ఒక్కరోజులో చుట్టేసే ఆలోచన మానుకో. పొద్దున్నే ఉండవల్లి గుహలు చూసి అమరావతి చేరితే మిగిలిన పూట దానికే చాలదు. భట్టిప్రోలుకు వేరే రోజు పెట్టుకో. అమరావతిలో పురావస్తు సర్వే వారి మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక ఆ రోజు వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. పాతికేళ్ల వయసులో నేను కృష్ణ ఒడ్డున దున్నిన చేలో నలుపు, ఎరుపు కలిసిన కుండపెంకు ఒకటి ఏరి, జేబు రుమాలులో చుట్టి, గొప్ప పని చేసినట్టు ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దానిని తిప్పి చూసి, ఇది ఏ చేలో, పైమట్టిలో దొరికిందా, గట్టు తెగిన చోట లోపలి పొరలో దొరికిందా, పక్కన ఇంకేమున్నాయి అని వరుసగా అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నేను పాడుచేసింది పెంకును కాదు, అది ఉన్న చోటును. నీ పిల్లలకు ఇది ఒక్కటి ఎక్కితే నాకు సంతోషం.

మన ప్రాంతపు బౌద్ధ స్తూపాలకు హాని చేసినవారిలో దుర్మార్గులకంటే రాయి అవసరమైనవారే ఎక్కువ. పద్దెనిమిదో శతాబ్దం చివర అమరావతిలో దీపాలదిన్నె అని పిలిచే స్తూపపు దిబ్బను తవ్వింది కట్టడాలకు ఇటుక, రాయి కోసమే. 1816లో సర్వే అధికారి కొలిన్ మెకంజీ మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువుగా మారింది. ఆయన చిత్రకారులు అప్పుడు గీసిన ఫలకాలలో కొన్ని ఈనాడు ఎక్కడా లేవు, కాగితం మీది బొమ్మే వాటికి ఆధారం. భట్టిప్రోలు సంగతీ అంతే: ఇటుకలు రోడ్డు కిందికి, చలువరాళ్లు కాలువ పనికి పోయాక, 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ మిగిలిన దానిలోంచి శాసనాలున్న ధాతుకరండాలను, అంటే పవిత్ర అవశేషాలు దాచిన పేటికలను, వెలికితీశారు.

అందుచేత పిల్లల చేతికి సెల్‌ఫోనుతో పాటు ఒక నోటుపుస్తకం, పెన్సిలు, చిన్న స్కేలు ఇవ్వు. ఏదైనా కనిపిస్తే కదపకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, దగ్గరలోని చెట్టు నుంచో గట్టు నుంచో ఎన్ని అడుగులో రాసుకోమను. శాసనం చదవాలంటే సుద్ద పూయడం, నీళ్లు చల్లడం బొత్తిగా కూడదు. అమరావతి ఫలకాలది మెత్తటి పల్నాటి సున్నపురాయి, మాటిమాటికీ చేయి తగిలితే అరిగిపోయే రకం. ఆరుబయట ఉన్న రాయి అయితే పొద్దుటి ఏటవాలు ఎండ పడేవరకు ఆగండి, మధ్యాహ్నం కనబడని అక్షరం అప్పుడు తనంతట తానే నీడపట్టి నిలబడుతుంది.

ఊరివారిని దొంగలను చూసినట్టు చూడనివ్వకు. వేపచెట్టు కింద పసుపు, కుంకుమతో పూజలందుకుంటున్న విరిగిన ఫలకం నిజానికి ఆ పూజవల్లే ఇన్నాళ్లు మిగిలి ఉంటుంది. నూనె పోయవద్దని నెమ్మదిగా చెప్పవచ్చు గానీ, పెకలించుకుపోదామని మాత్రం అనవద్దు. కాపలా లేని చోట కొత్తగా ఏదైనా బయటపడితే ఆ చోటు పేరుతో ఫోటోలు అందరికీ పంపవద్దు, తహసీల్దారుకో పురావస్తు శాఖకో రాతపూర్వకంగా తెలపండి. భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలన్నది 1878 నాటి చట్టం. ఆనాటి పది రూపాయలే ఇంకా అందులో ఉండటం నవ్వు తెప్పించినా, చట్టం చట్టమే. కేంద్ర రక్షణలోని కట్టడానికి నూరు మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధమని, ఆపైన మరో రెండు వందల మీటర్లలో అనుమతి కావాలని పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. అక్కడ ఎవరైనా పునాది తీస్తుంటే తేదీ వేసిన ఫోటో ఒకటి పిల్లల దగ్గర ఉండాలి.

ఈ ఆదివారం మా ఇంటికి వచ్చి ఆ కుండపెంకును తీసుకుపో. బయలుదేరే ముందు బస్సులో అందరి చేతికీ ఇచ్చి, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నలే వాళ్లనూ అడుగు.

ఇట్లు,
నీ పెదనాన్న