ముగింపు తెలిసిన కథకి ముందు భాగం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన పది ఎపిసోడ్ల వన్‌లైన్, అదే కథ సారాంశం, రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. పెన్సిల్ బాగానే అరిగింది, ముందే చెప్తున్నా, మనసు కష్టపెట్టుకోకు.

నీ పాత సిరీస్‌లో ఆ ఎస్సై కుంటుతూ నడుస్తాడు. లైటర్ వెలిగిస్తూ ఆర్పుతూ మాట్లాడతాడు. చంపబోయే మనిషిని కూడా "పెద్దమనిషీ" అని పిలుస్తాడు. ఇప్పుడు ఆ కథకి ముందు జరిగింది చెప్పే ప్రీక్వెల్ మొదటి ఎపిసోడ్‌లో కాలు విరిగింది, రెండో దాంట్లో లైటర్ చేతికొచ్చింది, మూడో దాంట్లో ఆ పిలుపు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చూపించావు. దీన్ని కథ అనరమ్మా, పంచనామా అంటారు. దొరికిన వస్తువులన్నిటికీ చీటీలు కట్టి వరసగా పేర్చావు.

నిన్ను అంటున్నాను గానీ ఈ తప్పు ముందు చేసింది నేనే. చాలా ఏళ్ళ కిందట ఒక డైలీ సీరియల్లో నేను రాసిన విలన్ జనానికి తెగ నచ్చాడు. వాడి గతం చెప్పమని ఛానల్ వాళ్ళు అడిగారు. పొంగిపోయి నెలన్నర పాటు ఫ్లాష్‌బ్యాక్ ట్రాక్ నడిపాను. వాడి ముఖం మీద గాటుకొక కారణం, వాడి మౌనానికొక కారణం, చివరికి వాడు కాఫీ చల్లార్చి తాగడానికి కూడా ఒక కారణం. ట్రాక్ అయ్యేసరికి వాడంటే ఎవరికీ భయం లేదు, అయ్యో పాపం అంటున్నారు. పులిని తీసుకెళ్ళి పిల్లిని అప్పజెప్పినట్టయింది. చూసేవాళ్ళు ఊహించుకుని నింపుకున్న చోటుని నేను మాటలతో పూడ్చేశాను.

ముగింపు ముందే తెలిసిపోవడం నీకు ఇబ్బందిగా ఉందని రాశావు. అందుకే రెండు ఎపిసోడ్లకొక ట్విస్టు పెట్టావు. అసలు చిక్కు అక్కడ లేదు. కృష్ణుడి రాయబారం ఫలించదని తెలియనివాళ్ళెవరు? అయినా రాత్రంతా కూర్చుని ఆ నాటకం చూశారు కదా జనం. యుద్ధం వస్తుందా రాదా అన్నది తేల్చుకోవడానికి కాదు. ఆగిపోగలిగిన యుద్ధం ఏ మాట దగ్గర, ఎవరి పంతం దగ్గర ఆగకుండా పోయిందో చూడటానికి. ప్రీక్వెల్ నడక కూడా అంతే. "తర్వాత ఏమవుతుంది" అన్న ప్రశ్న నీకు సగమే పనికొస్తుంది. "ఒరేయ్, ఇక్కడైనా ఆగరా" అని చూసేవాడు లోపల్లోపల అరవాలి. ఆ అరుపు రాకపోతే ఎన్ని ట్విస్టులు పెట్టినా ల్యాగ్ అంటారు.

'బ్రేకింగ్ బ్యాడ్' అనే అమెరికన్ సిరీస్‌కి ప్రీక్వెల్ 'బెటర్ కాల్ సాల్' చూశానన్నావు. ఈసారి కథ కోసం కాకుండా కొలతల కోసం చూడు. 'బ్రేకింగ్ బ్యాడ్' రెండో సీజన్‌లో, 2009లో, సాల్ గుడ్‌మన్ అనే లాయరు నవ్వించడానికి వచ్చాడు. 2015లో మొదలైన ప్రీక్వెల్‌లో అతను జిమ్మీ మెక్‌గిల్. లాయరుగా ఆ పేరు పెట్టుకుంటానని అతను నిర్ణయించుకునేది నాలుగో సీజన్ చివర, అంటే నలభయ్యో ఎపిసోడ్‌లో. మొత్తం ఉన్నవే 63. మనలాంటివాళ్ళం ఇంటర్వెల్‌లోనే ఎలివేషన్ ఇచ్చి పేరు పెట్టేసేవాళ్ళం!

నలభై ఎపిసోడ్లు ఎలా నిలిచాయంటావా? అన్నయ్య చక్ వల్ల. చక్ పేరుమోసిన లాయరు. తమ్ముడు అదే ఆఫీసులో ఉత్తరాలు పంచే పని చేస్తూ దూరవిద్యలో లా చదివి పాసవుతాడు. తనని ఆ సంస్థలోకి రానివ్వనిది పైనున్న హోవర్డ్ అని జిమ్మీ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. తొమ్మిదో ఎపిసోడ్‌లో గానీ తెలియదు, అడ్డుపడింది సొంత అన్నేనని. ఇందులో నువ్వు పట్టుకోవాల్సిన కిటుకు ఒకటుంది. చక్ అన్న మాట అబద్ధం కాదు. తమ్ముడి చేతిలో చట్టం ప్రమాదమని అతను అన్నది నిజమే, దాని రుజువు మనం 'బ్రేకింగ్ బ్యాడ్'లో ముందే చూసేశాం. కానీ ఆ మాట సొంత అన్నయ్య నోటి నుంచి రావడం వల్లే అది నిజమయ్యే దారిలో పడుతుంది. ఎవరి వైపు ఉండాలో తేల్చుకోలేక చూసేవాడు నలిగిపోతాడు. క్యారెక్టర్ ఎదగడమంటే ఇదే. గాయం తగిలింది, చెడ్డవాడైపోయాడు అని లెక్క తేల్చేస్తే సరిపోదు.

మూడో సీజన్ ఐదో ఎపిసోడ్ మళ్ళీ చూడు, ఆ ఒక్కటీ నాలుగుసార్లు చూసినా నష్టం లేదు. దాదాపు అంతా ఒక విచారణ గదిలోనే. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు. కరెంటు దగ్గరికొస్తే ఒళ్ళు మండిపోతుందనే చక్ జేబులో, అతనికి తెలియకుండా నిండు బ్యాటరీ ఒకటి గంటా 43 నిమిషాలుగా ఉందని బయటపడుతుంది. జిమ్మీ గెలుస్తాడు. గెలిచినవాడి ముఖం చూడు, ఓడినవాడి ముఖం కన్నా అదే చూడలేం. ఆ సన్నివేశం అంత బరువెక్కిందంటే, అంతకుముందు ఇరవై నాలుగు ఎపిసోడ్లు అన్నకి తమ్ముడు ఐస్, పేపర్లు, సామాను మోసుకొచ్చి తలుపు దగ్గర ఫోన్ వదిలి లోపలికెళ్ళడం చూశాం కాబట్టి. అప్పుడు ఆ సీన్లు ల్యాగ్ అన్నవాళ్ళున్నారు. అవి డిపాజిట్లు, వడ్డీ ఇక్కడ వచ్చింది.

నెమ్మదికీ ల్యాగ్‌కీ తేడా అడిగావు. అదే సిరీస్‌లో మైక్ అనే మాజీ పోలీసు కారు విప్పే సీన్ చెప్తాను. మూడో సీజన్ మొదట్లో, తన కారులో ఎవరో ట్రాకర్ పెట్టారని అనుమానమొచ్చి మైక్ ఆ కారుని ముక్కముక్కలుగా విప్పి వెతుకుతాడు. దొరకదు. చివరికి పెట్రోల్ ట్యాంకు మూతలో దొరుకుతుంది. మాటలు దాదాపు లేవు. అయినా కదలం, ఎందుకంటే ప్రశ్న ఒక్కటే, అది మన చేతిలో ఉంది, అతనితో పాటు మనమూ వెతుకుతున్నాం. ముసలి పోలీసు ఎలాంటివాడో ఓపిక చూసే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. నీ నాలుగో ఎపిసోడ్‌లో ఎస్సై రాత్రంతా కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తాడు. ఏం ఆలోచిస్తున్నాడో మాకు తెలియదు, వెతకడానికి ఏమీ లేదు. అదీ ల్యాగ్. వాడికి ఏదో ఒక పని ఇవ్వు. ఫైల్లో ఒక పేజీ మార్చమను. తప్పు పేజీ తీశాడేమోనని మేం భయపడతాం, రాత్రి దానంతటదే గడుస్తుంది.

ఇక తప్పించుకోలేనివి. బతుకుతారని తెలిసిన పాత్రల మధ్య కొట్లాట పెడితే అది తుస్సుమంటుంది. ఆ సిరీస్‌లో కూడా మాదకద్రవ్యాల వ్యాపారి గస్, అతని శత్రువు లాలో ఎదురుపడ్డ ఎపిసోడ్ నాకు అంతగా పట్టలేదు. గస్ 'బ్రేకింగ్ బ్యాడ్'లో ఉన్నాడు కాబట్టి బతకాలి, తెలుసు కదా. అంతకుముందు ఎపిసోడ్‌లోనే లాలో జిమ్మీ అపార్ట్‌మెంట్లోకి అడుగుపెడితే మాత్రం ఒళ్ళు జలదరించింది. అక్కడున్నది హోవర్డ్, తర్వాతి కథలో ఎక్కడా లేనివాడు. జిమ్మీ ప్రేమించిన లాయరు కిమ్ వెక్స్‌లర్ కూడా అంతే. 'బ్రేకింగ్ బ్యాడ్'లో ఆమె పేరే రాదు. అందుకే ఆరు సీజన్లూ, ఆమె కారెక్కినా, సంతకం పెట్టినా మన ప్రాణం గుటుక్కుమనేది. చచ్చిపోతుందేమో అనుకున్నాం, చావలేదు. ఆమె వెళ్ళిపోవడం అంతకన్నా కష్టంగా ఉంది. ఇంగ్లాండులో పాత డిటెక్టివ్ సిరీస్ హీరో ఇన్‌స్పెక్టర్ మోర్స్ కుర్రతనం మీద 2012లో మొదలైన 'ఎండెవర్'లోనూ ఇదే మెలిక. గురువు లాంటి ఫ్రెడ్ థర్స్‌డే పేరు పాత సిరీస్‌లో మోర్స్ ఎన్నడూ ఎత్తలేదు. ఇంత దగ్గరివాడి పేరు ఎందుకు ఎత్తలేదన్న ప్రశ్న 2023లో చివరి ఎపిసోడ్ దాకా ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. పాత కథకీ కొత్త కథకీ మధ్య కంటిన్యుటీలో ఖాళీ కనబడితే కంగారుపడి మూసెయ్యకు, అక్కడ మనిషిని కూర్చోబెట్టు.

అన్నీ ముందే ప్లాన్ చేసుకోలేదని సిగ్గుపడకు. 2009లో సాల్‌ని ఎడారికి ఎత్తుకెళ్ళినప్పుడు భయంతో రెండు పేర్లు వాగుతాడు, ఇగ్నాసియో, లాలో అని. అప్పటికి ఆ పేర్ల వెనక మనుషుల్లేరు. ఒకడు నాచోగా ప్రీక్వెల్ మొదటి సీజన్లోనే వచ్చాడు, రెండోవాడు 2018లో నాలుగో సీజన్‌లో వచ్చాడు. చక్‌ని అడ్డుపుల్లగా మార్చాలన్నది కూడా మొదటి సీజన్ రాస్తుండగా తట్టిందే. నీ పాత స్క్రిప్టులు దులిపి చూడు, ఎక్కడో ఒక వాక్యం వదిలేసి ఉంటావు. లైటర్ కన్నా అది విలువైనది.

పేసింగ్‌కి, అంటే కథ నడక వేగానికి, ఇంకొకటి, చిన్న విషయమే. నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌లో జిమ్మీ కొత్త పేరు తీసుకుంటాడు, మైక్ తనకి ఇష్టమైన ఇంజినీరుని తన చేత్తో చంపుతాడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడరు, కానీ ఒకే రోజు గడప దాటినట్టుంటుంది. నీ కథలో ఎస్సై ట్రాక్, రైటర్ కానిస్టేబుల్ ట్రాక్ వేరే వేరే ఎపిసోడ్లలో పండుతున్నాయి. ఏడో దాన్నీ ఎనిమిదో దాన్నీ కలిపెయ్, ఒక ఎపిసోడ్ మిగులుతుంది, దాన్ని కథ మధ్యలో వాడుకో.

కాలు విరిగే సీన్ తీసెయ్. మొదటి ఎపిసోడ్‌లో మామూలుగా నడవనీ, ఆరో దాంట్లో కుంటుతూ స్టేషన్‌లోకి రానీ, ఎవరూ అడగకూడదు.

ఆఖరుగా, నీ వన్‌లైన్‌లో ఎస్సైకి ఒక చెల్లెలుంది. రెండు సీన్లే రాశావు. అన్న తెచ్చిన డబ్బు లెక్కపెట్టి, సగం వెనక్కిచ్చి, మిగతా సగం ఉంచుకుంటుంది. పది ఎపిసోడ్లలో నాకు నిద్రపట్టకుండా చేసింది ఆ పిల్లే. పాత సిరీస్‌లో వాడికి చెల్లెలున్నట్టే లేదు కదా. మూడో ఎపిసోడ్ తర్వాత ఆ అమ్మాయి ఏమైంది? ముందు అది రాసి పంపు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు