లోకల్ సర్వర్ మొరాయించినప్పుడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

రాత్రంతా కూర్చుని పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనమైన జాంగోను రెండుసార్లు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాననీ, అయినా నీ కంప్యూటర్‌లోనే నడిచే లోకల్ సర్వర్ నుంచి బ్రౌజరులో పేజీ తెరుచుకోలేదనీ నువ్వు రాసినది చదివి మనసు కష్టపడింది. ముందుగా చెప్పవలసిన మాట ఇదే: ఇకపై మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడాన్ని చిట్టచివరి ఉపాయంగా మాత్రమే ఉంచుకో. దానివల్ల తప్పు ఎక్కడుందో తెలియదు సరికదా, అప్పటిదాకా తెర మీద ఉన్న ఆనవాళ్ళు కూడా చెరిగిపోతాయి.

కమాండులు కొట్టే టెర్మినల్‌ను, బ్రౌజరును పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి రీలోడ్ నొక్కు. టెర్మినల్‌లో కొత్త లైను పడిందా, లేదా? పడితే, అందులో 404 (పేజీ దొరకలేదు) ఉన్నా 500 (సర్వర్‌లో లోపం) ఉన్నా, సర్వర్ బతికే ఉందని, పేజీ కోసం బ్రౌజరు పంపిన రిక్వెస్టు దానిదాకా చేరిందని అర్థం. ఇక చూడవలసింది నీ కోడ్‌ను, సెట్టింగులను. లైను పడకపోతే రిక్వెస్టు చాలావరకు దారిలోనే ఆగిపోయినట్టు. అప్పుడు పేజీని తయారుచేసే వ్యూ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు తిరగరాసినా ఫలితం ఉండదు. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా గంటల తరబడి కోడ్ దిద్దుకునేవారిని ఎంతోమందిని చూశాను.

దారిలో ఆగినప్పుడు బ్రౌజరు ఎలా ప్రవర్తిస్తోందో గమనించు. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వెంటనే చెబితే, ఆ చిరునామాలో, ఆ పోర్టులో (ప్రోగ్రాము రిక్వెస్టులు అందుకునే నంబరు తలుపులో) వినే ప్రోగ్రామే లేదన్నమాట. అలా కాకుండా చక్రం తిరుగుతూనే ఉంటే, తలుపు తెరిచే ఉంది గాని లోపలినుంచి జవాబు రావడం లేదని ముందుగా అనుమానించాలి. ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఒకనాడు సర్వర్‌ను ఆపాలనుకుని కంట్రోల్, సి నొక్కడానికి బదులు కంట్రోల్, జెడ్ నొక్కాను. టెర్మినల్‌లో స్టాప్డ్ అని కనబడింది, ఆగిపోయిందనే అనుకున్నాను. నిజానికి లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ ఆ మీటలు ప్రోగ్రామును ముగించవు, ఉన్నచోటనే నిద్రపుచ్చుతాయి. నిద్రలో ఉన్నా అది 8000 పోర్టును వదలదు. కొత్త సర్వర్‌ను మొదలుపెడితే పోర్టు ఇప్పటికే వాడకంలో ఉందన్న సందేశం, బ్రౌజరులో ఎడతెగని చక్రం. ఒక పూటంతా పోయింది. జాబ్స్ అనే కమాండు ఇస్తే ఆ నిద్రపోతున్న సర్వర్ పేరు అక్కడే కనబడి ఉండేది. ఎఫ్‌జీ అని కొట్టి దాన్ని ముందుకు తెచ్చి, కంట్రోల్, సి తో ముగిస్తే సరిపోయేది.

పోర్టును వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉన్నా ఇదే సందేశం వస్తుంది. లినక్స్, మ్యాక్‌లలో ఎల్‌ఎస్‌ఓఎఫ్, విండోస్‌లో నెట్‌స్టాట్ అనే కమాండు వాడి, ఆ పోర్టు ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) చేతిలో ఉందో చూడు. అది ఏమిటో తెలుసుకోకుండా చంపకు. 2021లో వచ్చిన మాంటెరే అనే వెర్షన్ నుంచి మ్యాక్‌లో, వేరే పరికరాల నుంచి వీడియో, పాటలు అందుకునే ఎయిర్‌ప్లే రిసీవర్ 5000 పోర్టును వాడుతోంది. జాంగోలాంటిదే అయిన ఫ్లాస్క్ డిఫాల్టు పోర్టు కూడా అదే కాబట్టి, తమ తప్పేమీ లేకపోయినా చాలామంది అక్కడ చిక్కుకున్నారు. అలాంటప్పుడు పోరాడడం కన్నా సర్వర్‌కు వేరే పోర్టు నంబరు ఇవ్వడమే మేలు. రూబీ భాషలో అలాంటిదే అయిన రెయిల్స్ విషయంలో మరో చిక్కు ఉంది: కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే టీఎంపీ ఫోల్డరులో నడుస్తున్న సర్వర్ ప్రాసెస్ నంబరును రాసి ఉంచే పాత పీఐడీ ఫైలు మిగిలిపోయి, నడవని సర్వర్‌ను కూడా నడుస్తోందని చెప్పవచ్చు. నిజంగా ఏదీ నడవడం లేదని చూసుకున్న తరువాత ఆ ఫైలును తీసేయి.

నీ కంప్యూటర్‌నే సూచించే లోకల్‌హోస్ట్ అన్న పేరు, 127.0.0.1 అన్న చిరునామా ఎప్పుడూ ఒకటే అనుకోకు. ఆ పేరు ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాకు కూడా దారితీస్తుంది. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపే నోడ్ 17వ వెర్షన్ నుంచి సిస్టమ్ ఇచ్చిన వరుసలోనే చిరునామాలను తీసుకుంటోంది కాబట్టి, పేజీలు చూపే భాగం నుంచి రిక్వెస్టులను ముందుకు పంపే ఫ్రంటెండ్ ప్రాక్సీ ఒక చిరునామాలో తలుపు తడుతుంటే, వాటికి జవాబిచ్చే బ్యాకెండ్ మరో చిరునామాలో వింటూ ఉండే అవకాశం ఉంది. అనుమానం వస్తే రెండుచోట్లా అంకెల చిరునామానే రాసి చూడు. సర్వర్ కంటెయినర్ (ప్రోగ్రామును మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసి నడిపే పెట్టె) లోపల ఉంటే 127.0.0.1 అంటే ఆ కంటెయినరే. బయటినుంచి అందాలంటే లోపల 0.0.0.0 మీద, అంటే అన్ని చిరునామాల మీద, వినమని చెప్పి, పోర్టును బయటికి తెరవాలి.

బ్రౌజరును కూడా పూర్తిగా నమ్మకు. ఒకసారి 301 (పేజీ శాశ్వతంగా వేరే చోటికి మారింది) అనే జవాబు వచ్చి ఉంటే దాన్ని గుర్తుపెట్టుకుని, నువ్వు సెట్టింగు మార్చిన తరువాత కూడా పాత దారికే పంపవచ్చు. ప్రైవేట్ విండోలో తెరిస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మాడ్యూల్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే ఈ ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేశావా అని మొదట చూసుకో. ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపే ట్రేస్‌బ్యాక్‌ను చివరి లైను నుంచి పైకి చదువు. అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది, నువ్వు రాసిన ఫైలు పేరు దానికి కొంచెం పైన కనబడుతుంది.

ఒకసారికి ఒకే మార్పు చేయి, ఫలించకపోతే దాన్ని వెనక్కు తీసుకున్నాకే రెండోది చేయి. ఇంకా తెమలకపోతే, సర్వర్‌ను మొదలుపెట్టిన కమాండు, టెర్మినల్‌లో వచ్చిన మొత్తం సందేశం, బ్రౌజరులో నువ్వు కొట్టిన చిరునామా, ఈ మూడింటినీ ఒక్క అక్షరం కూడా మార్చకుండా నాకు పంపు. ఎంత పొద్దుపోయినా కూర్చుని చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న