30 వేల లోపు రోజువారీ కెమెరా: కొనేముందు మీ ఇంట్లో రాత్రిపూట వెలుతురు చూసుకోండి

ప్రశ్న అడిగినవారు చెప్పిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది: చేతిలో 30 వేల రూపాయలు ఉన్నాయి, ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, నాలుగేళ్ళ కిందటి ఫోనుతో తీస్తున్న ఫొటోలు తృప్తినివ్వడం లేదు, ఫొటోగ్రఫీని ఒక విద్యగా నేర్చుకునే తీరిక లేదు, కానీ ఇంట్లోనూ ప్రయాణాల్లోనూ వాడుకోవడానికి ఒక డిజిటల్ కెమెరా కావాలి. దాదాపు ఇదే స్థితిలో నేను రెండుసార్లు కెమెరా కొన్నాను. 2011లో కొన్నది పొరపాటు. 2021లో కొన్నది ఇప్పటికీ వాడుతున్నాను.

మొదటిసారి కాకినాడలో ఒక దుకాణానికి వెళ్ళి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 16 మెగాపిక్సెల్ అని రాసి ఉన్న చిన్న కెమెరాను తొమ్మిదిన్నర వేలకు కొన్నాను. మెగాపిక్సెల్ ఎంత ఎక్కువైతే ఫొటో అంత స్పష్టంగా వస్తుందని దుకాణదారు చెప్పాడు, నేనూ నమ్మాను. ఉప్పాడ తీరంలో పొద్దున్నే తీసిన ఫొటోలు నిజంగానే బాగా వచ్చాయి. అదే వారం ఇంట్లో మా అబ్బాయి పుట్టినరోజు నాడు ట్యూబులైటు కింద తీసిన ఫొటోల్లో మాత్రం ముఖాలు తడి కాగితం మీద రంగు పాకినట్లు అలుక్కుపోయాయి. కారణం తరువాత తెలిసింది. అలాంటి కెమెరాల్లో సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్పు, సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది, అంటే కందిగింజంత. ఆ గింజంత చోటును 16 మెగాపిక్సెళ్ళుగా, అంటే కోటీ అరవై లక్షల గడులుగా కోస్తే ఒక్కో గడి మీద పడే వెలుతురు ఎంతని? సాధారణ డీఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండి లెన్స్ మార్చుకునే వీలున్న పెద్ద కెమెరాలో, ఉండే ఏపీఎస్-సీ రకం సెన్సర్ సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. వైశాల్యంలో ఇది ఆ కందిగింజకు దాదాపు 13 రెట్లు.

మెగాపిక్సెళ్ళ గురించి ఇంతకుమించి ఆలోచించనవసరం లేదు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద కనిపించేది 2 మెగాపిక్సెళ్ళు, 4కే తెర మీద 8 మాత్రమే. ఆల్బమ్‌లో 8 అంగుళాలకు 12 అంగుళాల ఫొటో నాణ్యంగా అచ్చు వేయించడానికి కూడా 9 లోపే చాలు. గత పదేళ్ళలో వచ్చిన మంచి కెమెరాల్లో చాలావాటికి అంతకు రెట్టింపు ఉంటాయి.

రెండోసారి కొనేముందు నేను చేసిన మంచి పని ఒకటుంది. మీరూ ఈ వారాంతంలోనే దాన్ని చేయండి. నా ఫోనులో గడచిన రెండు నెలల ఫొటోలు తెరిచి, ఫార్వర్డులూ స్క్రీన్‌షాట్లూ పక్కనపెట్టి, మిగిలినవి ఎక్కడ, ఏ వేళలో తీసినవో లెక్కపెట్టాను. మొత్తం 340లో 230కి పైగా ఇంట్లో, సాయంత్రం ఆరు దాటాక తీసినవే. అప్పటిదాకా నా ఊహలో ఉన్నది కొల్లేరులో పెలికన్ పక్షులను దగ్గరగా చూపించే పెద్ద జూమ్ కెమెరా. నాకు నిజంగా అవసరమైనదేమో వంటింటి గడప మీద కూర్చొని పప్పన్నం తినే పిల్లవాణ్ణి తీసే కెమెరా. ఈ లెక్క చూడకపోయి ఉంటే ఆ జూమ్ కెమెరాకే డబ్బు పెట్టేవాణ్ణి. వాటిలో చాలావాటికి ఉండేది మళ్ళీ కందిగింజ సెన్సరే కనుక, రాత్రిపూట మళ్ళీ మొదటికే వచ్చేవాణ్ణి.

ఇంట్లో రాత్రివేళ ఫొటో బాగా రావాలంటే సెన్సర్ పెద్దదైతే సరిపోదు, లెన్స్ కూడా వెలుతురును ధారాళంగా లోపలికి రానివ్వాలి. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌ను జూమ్ చేసినప్పుడు దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని లెన్స్, దానికన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురును రానిస్తుంది. మిగతా అమరికలు అవే ఉండగా ఒక లెన్స్‌తో సెకనులో 20వ వంతు పట్టే ఫొటో ఇంకో లెన్స్‌తో 200వ వంతులో వచ్చేస్తుందన్న మాట. మూడేళ్ళ పాప సెకనులో 20వ వంతు కూడా కదలకుండా కూర్చోదు. ఫోన్లలోని నైట్ మోడ్ వరుసగా అనేక ఫొటోలు తీసి వాటిని కలిపి ఒకటిగా చేస్తుంది కనుక దీపాలంకరణలకూ గుడి గోపురాలకూ అద్భుతంగా పనిచేస్తుంది, పరుగెత్తే పిల్లల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన చిక్కు ఒకటి చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో చోక్ ఉన్న పాత ట్యూబులైట్లూ, కొన్ని చవకరకం ఎల్ఈడీ బల్బులూ సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 200వ వంతుకో అంతకన్నా వేగానికో పెట్టి వరుసగా నాలుగు ఫొటోలు తీస్తే ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి సగం చీకటిగా రావచ్చు. కెమెరా పాడైందనుకొని నేను రెండు వారాలు మథనపడ్డాను. హాల్లో మంచిరకం ఎల్ఈడీ దీపం పెట్టించుకుంటే చాలావరకు తీరిపోయే సమస్య ఇది. అప్పటివరకు షట్టర్ స్పీడ్‌ను 100వ వంతు దగ్గర ఉంచి, పాప ఒక్క క్షణం నిలిచినప్పుడు తీయడమే మార్గం.

ప్రైమ్ లెన్స్ అనగానే అందరూ 50 మి.మీ. కొనమంటారు, చవక కనుక. లెన్స్‌ల మీది ఈ మి.మీ. అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే దృశ్యం ఇరుకవుతుంది. నేనూ అదే కొన్నాను, ఆరు నెలలకే అమ్మేశాను. ఏపీఎస్-సీ కెమెరాకు తగిలిస్తే ఆ లెన్స్ చూపించే దృశ్యం పాత ఫిల్మ్ కెమెరాలో 75 లేదా 80 మి.మీ. లెన్స్ చూపినంత ఇరుకుగా ఉంటుంది. మా పది అడుగుల గదిలో వీపు గోడకు ఆనించి నిలబడినా ముఖం, భుజాలు తప్ప ఇంకేమీ ఫ్రేములో పట్టేవి కావు. ఇంట్లో వాడకానికి నికాన్‌లో 35 మి.మీ. ఎఫ్ 1.8 డీఎక్స్ లెన్స్, కెనాన్‌లో 24 మి.మీ. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం లెన్స్ సరైనవి. రెండోది మొదటిదానిలో సగం కన్నా తక్కువ వెలుతురునే రానిచ్చినా 125 గ్రాములే, తగిలించినట్టే ఉండదు.

ఇక ఏ కెమెరా అన్న మాట. 30 వేలకు కొత్త కెమెరా, దానికి తగిన మంచి లెన్స్ రెండూ రావడం కష్టం. వాడినవి కొంటే హాయిగా వస్తాయి. ప్రపంచమంతటా డిజిటల్ కెమెరాల సరఫరా 2010లో 12 కోట్లు దాటితే, 2023 నాటికి 80 లక్షల లోపుకు పడిపోయింది. మిగిలిన కంపెనీల్లో చాలావరకు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళడంతో నిక్షేపంలాంటి డీఎస్ఎల్ఆర్‌లు తక్కువ ధరకు చేతులు మారుతున్నాయి. 2021లో నేను నికాన్ డి5300ను కిట్ లెన్స్‌తో కలిపి 22 వేలకు, 35 మి.మీ. లెన్స్‌ను విడిగా ఏడున్నర వేలకు, రెండూ వాడినవే కొన్నాను. డి5300 వచ్చింది 2013లోనే అయినా 24 మెగాపిక్సెళ్ళు, పక్కకు తిరిగే తెర, ఫోనుకు ఫొటోలు పంపే వైఫై ఉన్నాయి. దానికన్నా తేలికైనది 2018 నాటి నికాన్ డి3500. బ్యాటరీ ఒక ఛార్జింగుకు 1,550 ఫొటోల వరకు వస్తుందని కంపెనీ లెక్క, కానీ అందులో వైఫై లేదు, బ్లూటూత్ ద్వారా చిన్న సైజు ఫొటోలే ఫోనుకు వెళతాయి. కెనాన్ 1500డి కూడా మంచిదే. అయితే ఈ మూడింటిలోనూ తెర మీద చూస్తూ తీస్తే ఫోకస్ నెమ్మదిగా కుదురుతుంది, కనుక వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి తీయడం అలవాటు చేసుకోవాలి. అది కుదరదనుకుంటే 2019లో వచ్చిన కెనాన్ 200డి మార్క్ 2 వాడినది దొరుకుతుందేమో చూడండి. తెర మీద కూడా దాని ఫోకస్ చురుగ్గా ఉంటుంది, ధర మాత్రం కొంచెం ఎక్కువ.

బరువు సంగతి దాచను. నా కెమెరా, 35 మి.మీ. లెన్స్ కలిపి ముప్పావు కిలో. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ చేతిసంచిలో దానికి చోటు దొరకదు. మీరు అంత బరువు మోయరని మీకే అనిపిస్తే సోనీ ఆర్ఎక్స్100 మొదటి రకం, 2012 నాటిది, వాడినది వెతకండి. 240 గ్రాములు, ప్యాంటు జేబులో పడుతుంది, సెన్సర్ మన కందిగింజకు నాలుగు రెట్లు, జూమ్ చేయనంతవరకు అపర్చర్ ఎఫ్ 1.8. లెన్స్ మార్చుకునే వీలు లేదు, లోపలికి దుమ్ము చేరితే శుభ్రం చేయించడం కష్టం. ఇక ఈమధ్య కుర్రకారుకు పాత చిన్న కెమెరాల మీద మోజు పుట్టి, నేను 2011లో విసుక్కున్న కెమెరాలాంటివే ఇప్పుడు ఆశ్చర్యకరమైన ధరలు పలుకుతున్నాయి. మీ అవసరానికి అవి పనికిరావు. ఆరేడు వేలకు 48 మెగాపిక్సెల్, 4కే, 16 రెట్ల డిజిటల్ జూమ్ అంటూ ఊరూపేరూ లేని కెమెరాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి అసలు పోవద్దు. డిజిటల్ జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడం, అది మీ ఫోనూ చేస్తుంది.

వాడినది కొనేటప్పుడు పగటిపూట వెళ్ళండి, మీ సొంత మెమరీ కార్డు, చిన్న టార్చిలైటు తీసుకెళ్ళండి. మొదట షట్టర్ కౌంట్, అంటే కెమెరా ఇప్పటివరకు ఎన్ని ఫొటోలు తీసిందో చూడాలి. నికాన్ కెమెరాల్లో ఈ అంకె ఫొటో ఫైలులోనే దాగి ఉంటుంది, ఫొటోను ఎగ్జిఫ్ వివరాలు, అంటే ఫొటోతో పాటు కెమెరా రాసిపెట్టే సమాచారం, చూపే వెబ్‌సైటులో వేస్తే బయటపడుతుంది. ఈ తరగతి కెమెరాల షట్టర్‌ను లక్ష ఫొటోల దాకా పరీక్షిస్తారు. నేను కొన్నది 14 వేలు తీసి ఉంది, 30 వేల లోపుంటే నిశ్చింతగా కొనవచ్చు. తరువాత లెన్స్‌ను కెమెరా నుంచి విడదీసి, అపర్చర్ తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దు. అపర్చర్ ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మరకలు నల్లచుక్కలుగా కనిపిస్తాయి. అవి దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు, గీతలైతే కుదరదు. పెట్టె మీది సీరియల్ నంబరూ కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనా అన్నది, కొన్ననాటి బిల్లు ఉందా అన్నది కూడా చూడండి. నికాన్ తీసుకునేవారికి ఇంకో జాగ్రత్త: డి3500, డి5300ల బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. అందువల్ల పేరు చివర ఒట్టి డి అక్షరం ఉండే ఏఎఫ్ రకం పాత లెన్స్‌లు వీటికి బిగుసుకుంటాయి కానీ ఆటోఫోకస్ చేయవు. చవకగా వస్తోందని అలాంటి లెన్స్‌నే నా స్నేహితుడు కొని, ఇప్పుడు చేత్తో తిప్పుతూ ఫోకస్ చేసుకుంటున్నాడు.

కొన్నాక ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే, ముఖ్యంగా కోస్తాలో ఉండేవారికి. నా కిట్ లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచి, ఒక వానాకాలమంతా తీయకుండా వదిలేశాను. దీపావళికి తీసి చూస్తే లోపల ఫంగస్ పట్టి ఉంది. శుభ్రం చేయడానికి మెకానిక్ చెప్పిన ఖర్చుతో ఇంకో పాత కిట్ లెన్స్ వచ్చేది. అప్పటి నుంచి మూతకు రబ్బరు పట్టీ ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెడుతున్నాను. రంగు మారినప్పుడు ఆ గింజలను సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు, దాన్ని చూపే చిన్న మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది.

30 వేలను పంచుకునే తీరు నన్నడిగితే, కెమెరాకు 20 వేలు మించనివ్వకుండా, ప్రైమ్ లెన్స్‌కు 7 వేలు, మిగిలిన దాంట్లో అసలైన 64 జీబీ కార్డు, డబ్బా, భుజానికి తగిలించుకునే సంచి అంటాను. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది వాటిని కుదించేస్తుంది, బంధువులకు డాక్యుమెంటుగా పంపండి. వీడియోయే ముఖ్యమైతే ఇంత శ్రమ అనవసరం, ఆ డబ్బుతో మంచి ఫోను కొనుక్కోవచ్చు. మీ రెండు నెలల లెక్కలో ఎక్కువ ఫొటోలు పగలు, ఆరుబయట తీసినవని తేలినా నా సలహా అదే.

లెక్క నా లెక్కలాగే వస్తే, కొనేముందు ఒకరోజుకు కెమెరాను అద్దెకు తీసుకోండి. పెళ్ళి ఫొటోలు తీసేవారి ద్వారానో, ఊళ్ళోని కెమెరా దుకాణంలోనో అడిగితే దొరుకుతుంది. ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్‌తో సహా అడగండి. పగలంతా సంచిలోనే ఉంచినా ఫరవాలేదు, రాత్రి ఎనిమిదింటికి పాపకు అన్నం తినిపించే వేళ మాత్రం ఒక యాభై ఫొటోలు తీసి, మీ ఫోనుతో తీసినవాటి పక్కన పెట్టి టీవీలో చూడండి.