‘వెళ్లొస్తా’కి జపనీస్‌లోనూ అదే మాట
జపాన్ బొమ్మల సినిమాలు, సీరియళ్లు, అంటే అనిమెపై విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తెలుగు డబ్బింగ్‌లో చూస్తానంటే స్నేహితులు వెక్కిరిస్తున్నారు. జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తేనే అసలు చూసినట్టట. నిజమేనా? (సీతమ్మధార)

జపనీస్ గొంతుతో చూడటం మంచిదే. కింద ఇంగ్లిష్ చదివితే అసలు దొరికినట్టే అనుకోవడం మాత్రం పొరపాటు. వాక్యం కట్టే తీరులో జపనీస్‌కి ఇంగ్లిష్ కంటే తెలుగే దగ్గర.

అనిమెలో పిల్లవాడు బడికి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు తొడుక్కుని ‘ఇత్తెకిమసు’ అంటాడు. ‘ఇత్తె’ అంటే వెళ్లి, ‘కిమసు’ అంటే వస్తాను. లోపలినుంచి అమ్మ ‘ఇత్తెరష్షై’ అంటుంది, అంటే వెళ్లిరా. మన ఇళ్లలో ‘వెళ్తాను’ అనకూడదని, ‘వెళ్లొస్తాను’ అనమని ఎందుకు నేర్పుతారో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో అది ‘నేను బయల్దేరుతున్నా’, ‘జాగ్రత్త’ అయిపోతుంది. ఆ ఇంగ్లిష్ చూసి తెలుగు రాసినవాళ్లు ‘బై మమ్మీ’ అని పెడతారు. చేతిలో ఉన్న మాటను పారేసుకోవడమంటే ఇదే.

రెండో సంగతి మాటల వరుస. ‘అనొ హితొ ఒ కొరొషిత నొ వ... ఒరె ద’ అన్నదాన్ని తెలుగులో ‘అతన్ని చంపింది... నేనే’ అంటాం. గుట్టు రెండింట్లోనూ చివరిమాటలోనే విప్పుకుంటుంది. మధ్యలోని ఆ మౌనం మీద దర్శకుడు ముఖాన్ని దగ్గరగా చూపిస్తాడు. ఇంగ్లిష్‌లో ‘నేనే’ ముందుకొచ్చేస్తుంది కాబట్టి పాత్ర ఇంకా నోరు విప్పకుండానే సబ్‌టైటిల్ గుట్టు చెప్పేస్తుంది. కాదనే మాటా అంతే. జపనీస్‌లో అది క్రియ చివర చేరుతుంది, మన ‘వెళ్లలేదు’లో ‘లేదు’ లాగా. మాట మధ్యలో ఆపి ఉత్కంఠ పెట్టే సన్నివేశం తెలుగులో అలాగే నిలబడుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘తబెతె మితె’ అంటే అచ్చం ‘తిని చూడు’. ‘ఒనీచాన్’కి అన్నయ్య ఉన్నాడు. మనకూ ఇంటిపేరే ముందు. ఇంగ్లిష్‌లో తిప్పి రాసిన పేరునే తెలుగులోనూ తిప్పి పలికించడం అర్థం లేని పని. గుండె ‘దొకిదొకి’ అంటే మనకు దడదడ ఉంది, ‘కిరకిర’ అంటే మిలమిల ఉంది (మన కిరకిర చెప్పుల చప్పుడు, పొరబడకండి).

తెలుగుకి లొంగనివీ ఉన్నాయి. మగవాళ్లు తమను తాము ‘ఒరె’, ‘బొకు’, ‘వతషి’ అని వేర్వేరుగా చెప్పుకుంటారు. ‘ఒరె’లో మోటుతనం, ‘బొకు’లో కుర్రతనం, ‘వతషి’లో మర్యాద. మనకు ఒక్క ‘నేను’ తప్ప దిక్కు లేదు. తెలిసిన రచయిత ఆ తేడాను రా, అండీ, నువ్వు, మీరులలోకి మళ్లిస్తాడు. తెలియనివాడు అందరిచేతా ఒకేలా మాట్లాడిస్తాడు. ‘కిసమ’ అన్నది తిట్టులాంటి ‘నువ్వు’ మాత్రమే. ఇంగ్లిష్‌లో దానికి బూతు చేరుతుంది, అక్కడినుంచి తెలుగులోకి వచ్చేసరికి బూతు ఇంకాస్త ముదురుతుంది. నిజానికి ‘ఒరేయ్’ సరిపోయేది.

డబ్బింగ్ నాణ్యత తేల్చడానికి అయిదు నిమిషాలు చాలు. ఒక పెద్దాయన, ఒక స్నేహితుడు, ఒక శత్రువు ఉన్న ఎపిసోడ్ తీసుకుని హీరో ఆ ముగ్గురినీ ఎలా పిలుస్తున్నాడో వినండి. మూడుచోట్లా ‘నువ్వు’ అంటే, ‘అలాగే మాస్టారూ’ అనాల్సినచోట ‘ఓకే’ వినిపిస్తే అది ఇంగ్లిష్ మీదుగా వచ్చిన తెలుగు. అప్పుడు జపనీస్ ఆడియోకి మారిపోండి.

థియేటర్‌కి వెళ్లేటప్పుడు మరో జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 12న విడుదలైన ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మన దేశంలో జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో వచ్చింది. ఒకే హాల్లో పొద్దున ఒక భాష, సాయంత్రం ఇంకో భాష నడవచ్చు. టికెట్ కొనేముందు షో టైమ్ పక్కనున్న భాష చూసుకోండి. 155 నిమిషాల సినిమా, పొరపాటున కూర్చుంటే చాలాసేపే.

నాన్నగారి కోసం, కొన్న డిస్క్‌కి నేనే తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను. టైమింగులు ఒక ఇంగ్లిష్ ఫైల్‌వి వాడాను. మొదట్లో బాగానే ఉంటుంది, ఎపిసోడ్ చివరికొచ్చేసరికి మాట నిమిషం ముందే పడిపోతోంది. టీవీలో పెడితే అక్షరాల బదులు డబ్బాలు. (గాజువాక)

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు టైమింగ్ చూద్దాం. 2వ నిమిషం దగ్గర, 20వ నిమిషం దగ్గర తేడా ఎంతో కాగితం మీద రాసుకోండి. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే జరిపితే చాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో జి నొక్కితే సబ్‌టైటిల్ త్వరగా, హెచ్ నొక్కితే ఆలస్యంగా పడుతుంది, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మీది అలా కాదు, తేడా పెరుగుతోంది. 2వ నిమిషంలో 5 సెకన్లు, 20వ నిమిషంలో 49 సెకన్లు వస్తే రోగం తెలిసినట్టే. ఆ ఫైల్ యూరప్ డీవీడీది. అక్కడ వాడిన ‘పాల్’ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, మీ డిస్క్‌లో 23.976. అనిమెను అక్కడ దాదాపు 4 శాతం వేగంగా తిప్పుతారు, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. 24 నిమిషాల ఎపిసోడ్‌కి మొత్తం తేడా 59 సెకన్లు.

ఎన్ని నొక్కులు నొక్కినా ఇది సర్దుకోదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, సింక్రొనైజేషన్ మెనూలో చేంజ్ ఫ్రేమ్ రేట్‌లోకి వెళ్లి, 25 నుంచి 23.976కి మార్చండి. ఆ తర్వాత కూడా అంతటా ఒకే తేడా మిగిలితే అప్పుడు జరపండి. ముందు జరిపి తర్వాత రేటు మారిస్తే మీరు జరిపినది కూడా సాగిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అక్షరాలు. కనిపిస్తున్నది డబ్బాలా, ప్రశ్నార్థకాలా, విడిపోయిన ఒత్తులా చూడండి. డబ్బాలైతే ఫైల్ బాగానే ఉంది, ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదంతే. ప్రశ్నార్థకాలైతే నోట్‌ప్యాడ్‌లో తెలుగు పట్టని ‘యాన్సీ’ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారన్నమాట. అక్షరాలు పోయినట్టే, పాత కాపీ లేకపోతే మళ్లీ టైప్ చేయాలి. ఇకనుంచి సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. ‘క్ష్మి’ లాంటిది ముక్కలై కనిపిస్తే ఫాంట్ ఉన్నా ఒత్తులు కలిపే పనితనం ప్లేయర్‌కి లేదు. కంప్యూటర్‌లో అయితే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ కింద ఫాంట్‌గా నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టండి. టీవీలో ఫాంట్ వేసే దారి ఉండదు కనుక ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపడమే సుళువు.

రాసేటప్పుడు రెండు వరుసలు దాటకండి. ఒక్కో మాట తెరమీద కనీసం 1 సెకను, గరిష్ఠం 7 సెకన్లు ఉండాలి. మాటకూ మాటకూ మధ్య 2 ఫ్రేముల ఖాళీ వదలండి, లేకపోతే వాక్యం మారినట్టు కంటికి తెలియదు. పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ గుద్దుకుంటే అక్షరం సైజు ఒక మెట్టు తగ్గించండి.

జపాన్ చానల్ పట్టికలో ‘శనివారం 25:30’ అని ఉంది. అచ్చుతప్పా? (అక్కయ్యపాలెం)

కాదు. అర్ధరాత్రి దాటాక కూడా అక్కడి టీవీవాళ్లు రోజు మార్చకుండా లెక్క కొనసాగిస్తారు. శనివారం 25:30 అంటే ఆదివారం తెల్లవారుజామున 1:30. జపాన్ మనకంటే 3 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి మనకు శనివారం రాత్రి 10 గంటలు. పట్టికలోని అంకెలోంచి మూడున్నర తీసేసి, 24 దాటకపోతే అదే రోజు అనుకోండి. ఇక్కడి యాప్‌లో ఎపిసోడ్ ఆ నిమిషానికే పడుతుందని లేదు. తెలుగు డబ్బింగ్ సాధారణంగా ఇంకా ఆలస్యంగానే వస్తుంది.

మా బాబుకి ఎనిమిదేళ్లు. అనిమె అంటే కార్టూనే కదా అని వదిలేశాం. షిన్‌చాన్ చూసి పెద్దలకు ఎదురు మాట్లాడుతున్నాడు. ఏది చూడనివ్వాలి? (ఎంవీపీ కాలనీ)

షిన్‌చాన్ కామిక్ 1990లో మొదలైంది పెద్దవాళ్ల పత్రికలో. అయిదేళ్ల పిల్లాణ్ని చూసి తల్లిదండ్రులు నవ్వుకోవడానికి రాసినది. బొమ్మ చిన్నపిల్లాడిది కనుక పిల్లల చానల్‌లోకి వచ్చిపడింది. 2008లో మన దేశంలో ప్రసారం ఆగి, తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది. అంటే ఇప్పుడు మీవాడు చూస్తున్నది కోతలు పడ్డాక మిగిలినదే.

బొమ్మను బట్టి వయసు అంచనా వేయకండి. ‘షోనెన్’ (కుర్రాళ్లది) అన్న మాటనూ నమ్మకండి. అది ఏ వయసువాళ్లు కొనే పత్రికలో వచ్చిందో చెబుతుంది గానీ అనుమతి పత్రం కాదు, షోనెన్‌లో తలలు తెగిపడేవీ ఉన్నాయి. ఓటీటీలో పేరు పక్కనుండే యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) అన్న గుర్తులు చూడండి. ఎనిమిదేళ్లకు 7+ దాటనివ్వకండి. పిల్లాడికి వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ వేయండి. మీ ప్రొఫైల్‌కి పిన్ వేయకుండా కిడ్స్ ప్రొఫైల్ పెట్టడం తలుపు తీసి గొళ్లెం చూపించడమే.

పరదేశాల కోసం కథనే మార్చేస్తారట, ఎంతవరకు నిజం? (మధురవాడ)

పేర్లూ తిండీ మార్చడం చిన్న మార్పు. అమెరికాలో పోకెమాన్ పిల్లలు ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, తింటూ దాన్ని జెల్లీ డోనట్ అన్నారు. 2014లో అక్కడికి వెళ్లిన డోరేమాన్‌లో నోబితా ‘నోబీ’ అయ్యాడు, చాప్‌స్టిక్స్ ఫోర్కులయ్యాయి. మనకు అన్నం ముద్దను ఎవరూ పరిచయం చేయక్కర్లేదు, మన డబ్బింగ్‌లో నోబితా నోబితాగానే ఉన్నాడు.

పెద్ద మార్పు 1985 నాటి ‘రోబోటెక్’. వారంలో అయిదు రోజులూ వేయాలంటే అమెరికా చానళ్లకు కనీసం 65 ఎపిసోడ్లు కావాలి, వాళ్లు తెచ్చుకున్న జపాన్ సిరీస్ ‘మాక్రాస్’లో ఉన్నవి 36. అందుకని సంబంధం లేని మరో రెండు సిరీస్‌లు అతికించి మూడు తరాల కథగా 85 ఎపిసోడ్లు చేశారు. ఈ మార్పుకి కారణం పూర్తిగా లెక్కే. అదే ఏడాది ‘నౌసికా’ సినిమాలోంచి 20 నిమిషాలకు పైగా కోసి విడుదల చేశారు. అప్పటినుంచే, ఆ సినిమా తీసినవాళ్లు పెట్టిన ఘిబ్లి స్టూడియో కోతలకు ఒప్పుకోదు.

మన కోసం చేసినదీ ఒకటుంది. బేస్‌బాల్ కథ ‘క్యొజిన్ నొ హొషి’ని క్రికెట్‌గా మార్చి, 2012లో ‘సూరజ్: ది రైజింగ్ స్టార్’గా హిందీలో ప్రసారం చేశారు. బొమ్మల పనిలో హైదరాబాద్‌లోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ చెయ్యి ఉంది. తెలుగువాళ్ల చేతిమీదుగా వెళ్లినది తెలుగులో రాకపోవడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫైట్ సీన్లలో తెర హఠాత్తుగా మసకబారుతోంది. టీవీ పాడైందా? (గోపాలపట్నం)

టీవీ బాగానే ఉంది. 1997 డిసెంబర్ 16న పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిసి, జపాన్‌లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. మరుసటి ఏడాది నుంచి ప్రసారానికి నిబంధనలు పెట్టారు. మెరుపులు ఎక్కువైనచోట చిత్రాన్ని మసక చేసి పంపుతారు. యాప్‌లకు తరచూ ఆ టీవీ ప్రతే వస్తుంది, బ్లూ-రేలో మసక తీసేస్తారు. బ్రైట్‌నెస్ పెంచితే మిగతా సన్నివేశాలు తెల్లబోతాయే తప్ప ఇది మారదు.

ఓడలో పనిచేసే మా అన్నయ్య యొకొహామా నుంచి బ్లూ-రే డిస్కులూ ప్లేయరూ తెచ్చాడు. ఇక్కడ పెట్టొచ్చా? (మల్కాపురం)

ప్లగ్ పెట్టకముందు ప్లేయర్ వెనక స్టిక్కర్ చదవండి. 100-240వి అని ఉంటే పిన్ మార్చే అడాప్టర్ చాలు. ఉత్త 100వి అని ఉంటే మన 230 వోల్టులకు క్షణంలో మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. 110 కాకుండా 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే అడగండి. ప్లేయర్ లాగేది తక్కువే, 100 వీఏది సరిపోతుంది.

ఆ ప్లేయర్‌ను అమ్మేయకండి, అసలు కీలకం అదే. ఏ ప్రాంతపు డిస్క్ ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే తిరిగేలా రీజియన్లు ఉంటాయి: బ్లూ-రేకి జపాన్‌ది ‘ఏ’ (A) రీజియన్, మనది ‘సీ’ (C). జపాన్ డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో తిరగకపోవచ్చు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ గొడవ లేదు. డీవీడీ అయితే జపాన్ 2, మనది 5. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ అయిదుసార్లే మార్చనిస్తుంది, ఆఖరిసారి పెట్టినదే ఖాయం. జపాన్ డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉండవు. ఈసారి అన్నయ్యకు చెప్పేటప్పుడు అట్ట వెనక ‘జిమకు’ (సబ్‌టైటిల్స్) అని ఎక్కడుందో, పక్కన ఏ భాష రాసి ఉందో ఫొటో తీసి పంపమనండి.

డబ్బింగ్ మాటలు రాయడం నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఆంధ్ర యూనివర్సిటీ విద్యార్థిని)

రెండు నిమిషాల సన్నివేశంతో. ఇద్దరే మాట్లాడుకునేది, అరుపులు లేనిది తీసుకోండి. టీవీ అనిమెలో నోటికి మామూలుగా మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. కాబట్టి ప్రతి అక్షరాన్నీ పెదవికి అతికించే పనిలేదు, నోరు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చాలు. ప్రతి మాటకీ మొదలు, ఆగడం, మధ్యలో ఊపిరి, మూడూ గుర్తుపెట్టి, ఊపిరి దగ్గర గీత గీయండి. ఆ గీత దగ్గరే తెలుగు వాక్యమూ విరగాలి.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, జపనీస్‌ది కూడా ‘న్’ ఒక్కటి తప్పిస్తే అంతే. అందుకే నోరు తెరిచి ఆగిన బొమ్మ మీద మన మాట సహజంగా కూర్చుంటుంది. ఇబ్బంది పొడవుతోనే. మిగిలిపోతే ‘చేస్తున్నాను’ను ‘చేస్తున్నా’ చేయండి, ‘నేను’ తీసేయండి, క్రియలోనే ఎవరో తెలిసిపోతుంది. తక్కువైతే చివర ‘కదా’, ‘మరి’, ‘లే’ చేర్చండి, ఆరంభంలో ‘అంటే’ పెట్టకండి. ప్రతి పాత్రా ‘అంటే’తో మొదలుపెట్టడం మన డబ్బింగ్‌కి పట్టిన పీడ. సినిమాల దగ్గరి షాట్లలో మాత్రం పెదవులు కలిసేచోట ప, బ, మ పడేలా మాట వెతకాలి.

పేర్ల దగ్గర రోమన్ అక్షరాలు చూసి రాయకండి. జపనీస్‌లో ఎ, ఒ పొట్టివీ ఉన్నాయి. హిందీలో లేవు కనుక అటునుంచి వచ్చిన పేరు సాగి ‘నరూటో’ అవుతుంది. మనకు ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ ఉన్నాయి, ‘నరుతొ’ అని ఉన్నదున్నట్టు రాయగలం. రాసినదాన్ని బొమ్మ పెట్టి పైకి మూడుసార్లు చదవండి. మూడోసారి కూడా ఊపిరి అందకపోతే ఆ వాక్యం నటుడికీ అందదు, తిరగరాయండి.